ముందు రక్తం, ఆ తరువాతే చక్కెర

గంగమణి అబద్ధమాడటం లేదని అనిలకు మొదటి ప్రశ్నతోనే తెలిసిపోయింది. అయితే నిజం చెప్పినవాళ్లు జైలుకు పోరన్న భరోసా ఎక్కడా లేదని పదకొండేళ్లు పోలీసు ఉద్యోగం చేసిన అనిలకు ఇంకా బాగా తెలుసు. ఆ ఉద్యోగం వదిలి కామారెడ్డిలో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నాక నేర్చుకున్నది ఒకటే. మనిషిని నమ్మినా సరే, ప్రశ్నలు మాత్రం ఆపకూడదు.

కేసు చెప్పుకోవడానికి చిన్నదే. గంగమణి భర్త రాజలింగు మస్కట్ నుంచి తిరిగొచ్చి, ఎల్లారెడ్డి శివారులో వరి చేసుకుంటున్నాడు. ఈ మధ్య మూడుసార్లు సోయి తప్పి పడిపోయాడు. మూడోసారి కామారెడ్డి దవాఖానాలో చేర్చినప్పుడు డెబ్బైకి తగ్గకూడని రక్తంలోని చక్కెర ముప్పై ఒకటికి దిగిపోయి ఉంది. అతనికి షుగర్ జబ్బు లేదు. జబ్బు ఉన్నది అతని తల్లి పెద్దవ్వకు. ఆమె మింగే గోలీలు రక్తంలో చక్కెరను దించుతాయి. ఆ గోలీల ఖాళీ పట్టీ ఒకటి గంగమణి బీడీలు చుట్టుకునే చాట కింద దొరికింది. ఇంకేముంది, రాజలింగు అన్న భూపాల్ ఠాణాకు పోయి, మరదలు చాయ్‌లో గోలీలు కలిపి తమ్ముణ్ని చంపాలని చూస్తోందని దరఖాస్తు ఇచ్చేశాడు. రేపటిదాకా ఆగుతాననీ, ఆ తరువాత ఆగలేననీ ఎస్సై గంగమణికి చెప్పి పంపాడు. ఆమె నేరుగా అనిల దగ్గరికి వచ్చింది. అనిల వెంటనే ఆమెతో ఎల్లారెడ్డిలోని ఇంటికి బయల్దేరింది.

"మూడుసార్లు పడ్డడన్నవు గదా. పడకముందు ఏం తిన్నడో ఒక్కొక్కటి చెప్పు" అంది అనిల.

గంగమణి చేతులు అలవాటుగా తునికాకును కత్తిరిస్తూనే ఉన్నాయి. "మొదటిపారి ఏం తినలే అక్కా. పొద్దుగాల లేపితె లేవలే. కండ్లు తెరిచిండు గని నన్ను గుర్తు పట్టలే. రెండోపారి శనివారం, ఒక్కపొద్దు ఉన్నడు. మూడోపారి పొలానికి నీళ్లు పెట్టస్తనని చాయ్ తాగకుండనే పోయిండు. ఒడ్డు మీద పడ్డడు."

"చాయ్ తాగలేదా? నువ్వు చాయ్‌ల గోలీలు కలిపినవని గదా మీ బావ రాసిచ్చిండు."

"బావ ఆ దినం ఈడ లేడు. ఆయనకెట్ల ఎర్క?"

అనిల లేచి నిలబడింది. విషం అన్నంతోనో, చాయ్‌తోనో లోపలికి పోవాలి. ఈ మనిషి మాత్రం ఏమీ లోపలికి పోని రోజునే పడుతున్నాడు. దొంగ వచ్చిన రోజు కాకుండా, రాని రోజునే సొమ్ము పోతున్నట్టుంది వ్యవహారం.

ఆమె పట్టీ దొరికిన చోటు చూపించమంది. గోడవార చాట, తంబాకు డబ్బా, దారపు ఉండ, వాటి వెనక ఆకు ముక్కలు నింపిన గోనెసంచి ఉన్నాయి. పట్టీని కనిపెట్టినవాడు ప్రేమ్‌కుమార్. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై, ఇప్పుడు అనిలలాగే ప్రైవేటు కేసులు పడుతున్నాడు. ఈ కేసులో భూపాల్ మనిషి. చాట ఎత్తి, పట్టీ చూసి, ఫోటో తీసుకుని, పని అయిపోయిందనుకుని వెళ్లిపోయాడట. సంచి జోలికి పోలేదట.

అనిల సంచిని వాకిట్లో పరిచిన పాత చీర మీద బోర్లించింది. ఎండిన ఆకు ముక్కలు, తెగిన దారాలు, దుమ్ము రాలాయి. వేళ్లతో మెల్లగా కెలికి చూసింది. ఇంకో రెండు ఖాళీ పట్టీలు బయటపడ్డాయి. వాటి వెంట తంబాకు పొడి అంటుకున్న గోలీలు కూడా బయటపడ్డాయి. ఒకటి కాదు, గుప్పెడు. చాయ్‌లో కలిపేవాళ్లు పట్టీ పారేస్తారు గాని, గోలీలను పారేయరు.

అప్పటిదాకా గడపలో కూర్చుని చూస్తున్న పెద్దవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనిల పోయి ఆమె పక్కనే చతికిలబడి, గొంతు తగ్గించి అడిగింది. ముసలామె మొదట ఏమీ ఎరగనంది. తరువాత కళ్లు తుడుచుకుంది. ఆ గోలీ మింగినప్పుడల్లా ఒళ్లంతా వణికి, కళ్లు తిరిగేవట. వద్దంటే పెద్దకొడుకు భూపాల్ కోప్పడతాడు. అందుకని నోట్లో వేసుకున్నట్టు చేసి, కోడలు చూడనప్పుడు సంచిలో పడేస్తోంది. కోడలి మీద నింద పడ్డాక చెప్పాలనుకుంది కాని, ఠాణా అన్న మాట వినేసరికి నోరు పెగల్లేదు.

"నా వల్లనే గదా బిడ్డా గిదంత" అంది పెద్దవ్వ. "నా కొడుకు మంచిగైతె సాలు. నన్నేమన్న అనుకోండ్రి."

గంగమణి లేచి లోపలికి పోయి, అత్తకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

బయల్దేరేటప్పుడు రాజలింగు ఎక్కడున్నాడని అనిల అడిగింది. దవాఖానా నుంచి నిన్న మధ్యాహ్నం పంపించారనీ, ఇంటికి రానివ్వకుండా భూపాల్ కామారెడ్డిలోని తన ఇంటికే తీసుకుపోయాడనీ గంగమణి చెప్పింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదట.

*

డాక్టర్ సాబేరా హార్మోన్ జబ్బుల నిపుణురాలు. హైదరాబాద్ నుంచి వారానికి ఒకరోజు కామారెడ్డి క్లినిక్‌కు వస్తుంది. అదృష్టంకొద్దీ ఆ రోజే ఆమె వచ్చే రోజు. అనిల చెప్పిందంతా ఆమె అడ్డు తగలకుండా విని, చివర్న ఒకే ఒక్క మాట అడిగింది. మూడోసారి పడ్డప్పుడు, గ్లూకోజు ఎక్కించకముందు తీసిన రక్తం ఎవరైనా దాచారా?

దాచలేదు. ప్రాణం నిలబెట్టే తొందరలో ముందు గ్లూకోజు ఎక్కించారు. అందులో తప్పేమీ లేదని కూడా డాక్టరే అంది.

"కాని సాక్ష్యం పోయింది" అంది సాబేరా. "షుగర్ ఇంత కిందికి దిగిందంటే దారులు మూడే. ఎవరో ఇన్సులిన్ సూది ఇచ్చుండాలె. లేకుంటే గోలీలు పెట్టుండాలె. ఆ రెండూ కాదంటే, అతని కడుపులనే ఇన్సులిన్ తయారుచేసే గడ్డ ఒకటి ఉండాలె. మూడింటినీ విడదీసి చెప్పేది రక్తమే. అదిగూడ షుగర్ పడిపోయి ఉన్న ఆ కొద్దిసేపటి రక్తం. చక్కెర లోపలికి పోయినంక ఆ రక్తం ఏమీ చెప్పదు."

ఆమె తరువాత వివరంగా చెప్పిన సంగతి అనిల మనసులో ఇలా నిలిచింది. క్లోమం ఇన్సులిన్‌ను తయారుచేసినప్పుడల్లా దానితోపాటు సీ-పెప్టైడ్ అనే ముక్క కూడా బయటికి వస్తుంది. సూదిమందులో ఆ ముక్క ఉండదు. కాబట్టి ఆ ముక్క ఎక్కువ ఉంటే సూది కథ అబద్ధం. గోలీలైతే క్లోమాన్నే తరుముతాయి, అప్పుడు కూడా ముక్క ఎక్కువే ఉంటుంది. గోలీకీ గడ్డకూ తేడా తెలియాలంటే అదే రక్తంలో గోలీ మందు ఉందా అని విడిగా వెతకాలి. లేకపోతే, ఇక మిగిలేది గడ్డే.

"ఆ రక్తం మళ్లీ ఎట్ల దొరుకుతది డాక్టర్?"

"దవాఖానాల చేర్చుకుని, పక్కన మనిషిని పెట్టి, పస్తు ఉంచుతం. షుగర్ పడ్డ క్షణంల రక్తం తీసి, వెంటనే గ్లూకోజు ఇస్తం. ఇంట్ల ఎవరన్న ఆ పని చేస్తే మాత్రం మనిషి దక్కడు."

రాజలింగును ఒప్పించి తీసుకురమ్మని, నర్సు సుష్మితను అనిల వెంట పంపింది. ఎందుకైనా మంచిదని రక్తం తీసే గొట్టాలు, మంచు డబ్బా, గ్లూకోజు సీసాలు సంచిలో పెట్టించింది.

*

భూపాల్ ఇంటి వాకిట్లో ప్రేమ్‌కుమార్ కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అనిలను చూసి లేవలేదు.

ఆమె గోనెసంచిలో దొరికిన గోలీల ఫోటో చూపించింది. పెద్దవ్వ అన్న మాటలు కూడా చెప్పింది. అతను కళ్లజోడు పైకి జరిపి చూసి, నవ్వి ఫోన్ తిరిగిచ్చేశాడు.

"ముసలామె కొన్ని పారేసిందనుకుందాం. మిగిలినయి మరదలు కలిపిందనుకుందాం. రెండూ ఒక్క ఇంట్లనే జరగొచ్చు గదా మేడం. ఉద్యోగం మధ్యల వదిలిపోతే గిట్లనే ఉంటది, సగం సగం ఆలోచనలు వస్తయ్."

"ఆయన పడ్డ మూడుపార్లు కడుపు ఖాళీగ ఉన్నది సార్. ఖాళీ కడుపులకు గోలీ ఎట్ల పోయింది?"

"రాత్రి ఇచ్చింది పొద్దున పనిచేస్తది." అతని దగ్గర దేనికైనా జవాబు ఉంది. "అయినా వాదం ఎందుకు? నేను పరీక్ష పెట్టిన. నిన్న మధ్యాహ్నం నుంచి మనిషి మా దగ్గరనే ఉన్నడు. మరదలు చెయ్యి తగల్లేదు. విషం పూర్తిగ దిగిపోవాలని అన్నం బంద్ చేయించిన. మంచినీళ్లు తప్ప నోట్ల ఏం పోలేదు. ఇప్పటిదాక పడలేదు. రేపటికి గిట్లనే ఉంటే ఎస్సైకి నేనే పోయి చెప్త, దోషి ఎవరో."

డాక్టర్ చేయవద్దన్న పని ఇతను నిన్నటి నుంచి చేస్తున్నాడు.

"ఆఖరుసారి ఎప్పుడు చూసిన్రు ఆయనను?"

"పండుకున్నడు. పొద్దటి నుంచి మంచి నిద్ర."

ఆమె అతని కుర్చీ పక్కనుంచే లోపలికి దూసుకుపోయింది. సుష్మిత వెనకే పరుగెత్తింది.

రాజలింగు మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉన్నాడు. అది నిద్ర కాదు. అంగీ నీళ్లలో ముంచి తీసినట్టు చెమటతో తడిసిపోయింది. పెదవులు ఏదో గొణుగుతున్నాయి. సుష్మిత అతని వేలి చివర సూదితో పొడిచి, రక్తపు చుక్కను మీటరుకు తాకించింది. ముప్పై నాలుగు.

గలాటాకు వచ్చిన భూపాల్ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. సుష్మిత పెద్ద సూది బయటికి తీయగానే మాత్రం ముందుకు ఉరికి, తమ్ముడి మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. వీళ్లు గంగమణి పంపిన మనుషులనీ, ఇస్తే గ్లూకోజు ఒక్కటే ఇమ్మనీ, తమ్ముడి రక్తం మాత్రం తీయనివ్వననీ అన్నాడు.

అనిల చేతిలో గ్లూకోజు సీసా ఉంది. అదే ఆమెకు ఆ రోజంతటిలో కష్టమైన ఘడియ. ముందు చక్కెర ఇస్తే రాజలింగు బతుకుతాడు, గంగమణి జైలుకు పోతుంది. రక్తం కోసం వాదిస్తూ నిలబడితే గంగమణి బయటపడుతుందేమో గాని, ఇతను ఉంటాడో ఉండడో. ఆమె మనసులో ఒక గీత గీసుకుంది. ఇంకొక్క మాట మాట్లాడుతుంది, అంతే. అప్పటికీ భూపాల్ ఒప్పుకోకపోతే రక్తం సంగతి వదిలేసి గ్లూకోజు ఇప్పిస్తుంది.

ఆ మాట భూపాల్‌తో అనలేదు. ప్రేమ్‌కుమార్ వైపు తిరిగి అంది.

"సార్, మీరు పెట్టిన పరీక్షే ఇది. మరదలు చెయ్యి తగల్లేదు, అయినా పడ్డడు. రక్తం తీసేదాక ఆయన చెయ్యి మీరే పట్టుకోండి. గొట్టం మీద మీరే సంతకం పెట్టండి. రేపు నేను మార్చిన్నని అనకుండ ఉంటది."

ప్రేమ్‌కుమార్ మీటరు వైపు చూశాడు. మంచం మీది మనిషిని చూశాడు. భూపాల్ భుజం పట్టి పక్కకు జరిపి, మంచం మీద మోకాలు ఆనించి, రాజలింగు చేతిని కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు.

సుష్మిత నరం దొరికించుకుంది. గొట్టాలు ఎర్రగా నిండాయి. సూది తీయకుండానే వెంటనే గ్లూకోజు ఎక్కించడం మొదలుపెట్టింది.

సీసా అడుగంటకముందే రాజలింగు కళ్లు తెరిచాడు. పైకప్పును చూశాడు, అన్నను చూశాడు. తరువాత ఆకలిగా ఉన్న పిల్లవాడిలా అడిగాడు.

"గంగమణి ఏది?"

భూపాల్ తువ్వాల తీసి తమ్ముడి మొహం మీది చెమట తుడిచాడు. ప్రేమ్‌కుమార్ గొట్టాల మీద అతికించిన కాగితాలపై ఒక్కొక్కదానికీ సంతకం పెట్టాడు.

*

ఎస్సై రక్తపరీక్షల ఫలితం వచ్చేదాకా ఆగడానికి ఒప్పుకున్నాడు. అలా ఒప్పించింది అనిల కాదు, ప్రేమ్‌కుమార్. తను పెట్టిన పస్తు గురించి కూడా ఏమీ దాచకుండా చెప్పాడట. ఈలోగా రాజలింగును దవాఖానాలో చేర్చారు. గంగమణి పగలంతా అతని పక్కనే ఉండి, వేళ తప్పకుండా ఏదో ఒకటి తినిపించింది. ఆమె చేతి ముద్ద తింటున్నప్పుడు ఎవరూ కాపలా కాయలేదు.

కాగితాలు వచ్చిన రోజు డాక్టర్ సాబేరా అందరినీ క్లినిక్‌కు పిలిచింది. గంగమణి కుర్చీ అంచున కూర్చుంది. ఆమె పక్కన అనిల, ఎదురుగా భూపాల్, తలుపు దగ్గర ప్రేమ్‌కుమార్.

డాక్టర్ ముందు ఇన్సులిన్ సంగతి చెప్పింది. షుగర్ పడిపోయినప్పుడు ఒంట్లో అది దాదాపు ఉండకూడదు. రాజలింగుకు బాగా ఎక్కువ ఉంది. సీ-పెప్టైడ్ కూడా ఎక్కువే.

అంటే సూది ఇవ్వలేదన్న మాట. కాని గోలీ అనుమానం ఇంకా అలాగే ఉంది. గంగమణి అనిల మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"ఇగ గోలీలు" అంది సాబేరా, ఇంకో కాగితం తీసి. "షుగర్ దించే గోలీ మందులన్నిటి కోసం వెతికిన్రు. ఒక్కటి కూడ లేదు."

గంగమణికి వెంటనే అర్థం కాలేదు. అనిల ఆమె చెవి దగ్గరికి వంగి, నీ మీద కేసు లేదు, ఇక ఉండదు అని చెప్పింది. అప్పుడు ఆమె కొంగుతో మొహం కప్పుకుని, చప్పుడు లేకుండా చాలాసేపు ఏడ్చింది. ఇన్ని రోజుల్లో ఆమె ఏడవడం అనిల చూసింది అదే మొదటిసారి.

స్కానింగులో క్లోమం చివర శనగగింజంత గడ్డ కనబడిందనీ, ఇలాంటివి చాలావరకు క్యాన్సర్ కావనీ, ఆపరేషన్‌తో తీసేయవచ్చనీ డాక్టర్ చెప్పింది. ప్రేమ్‌కుమార్ గంగమణి ముందుకు వచ్చి చేతులు జోడించాడు. తప్పైందమ్మా అన్నాడు. ఆమె తల ఊపింది, అంతే. అనిలతో మాత్రం, పట్టీ దొరికినప్పుడు సంచి కూడా చూసి ఉండాల్సిందని గొణిగి, మళ్లీ తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

కేసు అక్కడితో ముగిసిందనుకుని అనిల లేవబోయింది. సాబేరా ఆమెను ఆగమని సైగ చేసి, భూపాల్ వైపు తిరిగింది.

"మీ తమ్మునికి రక్తంల కాల్షియం గూడ ఎక్కువ ఉన్నది. మీ నాయన ఎట్ల పోయిండు?"

కడుపులో పుండు పగిలి పోయాడని భూపాల్ చెప్పాడు. కిడ్నీల్లో రాళ్లు ఉన్నాయా అంటే, తనకు రెండుసార్లు తీశారన్నాడు.

ఇది వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కావచ్చని డాక్టర్ వివరించింది. మెడలోని గ్రంథుల్లో, క్లోమంలో గడ్డలు పుట్టిస్తుంది. కడుపులో పుండ్లు, కిడ్నీల్లో రాళ్లు కూడా వాటివల్లే రావచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టిన ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. భయపడాల్సింది తెలియనన్ని రోజులే. తెలిశాక ఏటేటా రక్తం పరీక్షించుకుంటూ, గడ్డ చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. రక్తంలో ఒక అంకె పెరిగిందని వెంటనే కత్తి పట్టరు. గ్యాస్ గోలీ వేసుకున్నా పెరిగే అంకెలున్నాయి. అన్నీ కలిపి చూసే నిర్ణయిస్తారు.

"మీకు పిల్లలెందరు?"

"ఒక్కడే. మహేందర్." భూపాల్ కుర్చీలో ముందుకు వంగాడు. "ఇరువై రెండేండ్లు. పొద్దుగాల లేపితె పిచ్చిపిచ్చిగ మాట్లాడేటోడు. ఒళ్లంత చెమటలు. ఒకదినం నన్నే ఎవరు నువ్వన్నడు. తాగొస్తున్నడని కొట్టి, ఇంట్లకెల్లి వెళ్లగొట్టిన."

అనిల అతని ముందుకు జరిగింది. "ఇప్పుడు ఎక్కడున్నడు?"

"డీసీఎం వ్యాను నడుపుతుండు. ఈ రోడ్డు మీదనే, హైదరాబాద్ దిక్కు. నా ఫోన్ ఎత్తడు."

ప్రేమ్‌కుమార్ అప్పటికే తన ఫోన్ తీసి, స్పీకర్ ఆన్ చేసి అతని చేతిలో పెట్టాడు. భూపాల్ నంబరు నొక్కాడు. మోగింది. మళ్లీ మోగింది. ఆగిపోతుందనుకున్నప్పుడు అవతల ఇంజన్ రొద మధ్య ఒక గొంతు, ఎవరు అని అడిగింది. మాట కొంచెం ముద్దగా ఉంది.

"నేను బిడ్డా. బాపును." భూపాల్ ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు. "తిన్నవా?"

"లేదు. పొద్దటిసంది తినలే. ఎందుకు?"

"బండి పక్కకు ఆపు."

"నేను తాగలే బాపు."

"నాకెర్కే బిడ్డా" అన్నాడు భూపాల్. "నువ్వు ఎన్నడు తాగలే. బండి ఆపు. ఆపినంక మాట్లాడుదాం."

ఇంజన్ రొద ఒక్కటే వినబడుతోంది. గంగమణి లేచి వచ్చి బావ పక్కన నిలబడింది. రొద తగ్గింది. ఇంకా తగ్గింది. ఒక కుదుపు, బ్రేకు కీచుమన్న చప్పుడు. ఆ తరువాత ఇంజన్ ఆగిపోయి, పక్కనుంచి వేరే లారీలు దూసుకుపోతున్న గాలి చప్పుడు మాత్రం మిగిలింది.

"ఆపిన బాపు" అన్నాడు మహేందర్. "చెప్పు."